ఇండోర్ 1500 మీటర్లు: రికార్డుదారులు ఎందుకు ఓడిపోతారు?

క్లుప్తంగా: ప్రపంచ ఇండోర్ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో పురుషుల 1500 మీటర్ల విజేత టైమింగ్ ఒక్కోసారి ప్రపంచ రికార్డు దరిదాపుల్లో ఉంటుంది, ఒక్కోసారి కళాశాల పోటీల స్థాయికి పడిపోతుంది. 200 మీటర్ల ట్రాక్ ఆకృతి, పేస్‌మేకర్ (మొదట్లో ముందుండి వేగాన్ని నిర్దేశించే పరుగువీరుడు) లేకపోవడం, ముందున్నవారిని దాటడానికి పడే అదనపు శ్రమ ఇందుకు ప్రధాన కారణాలు. ఈ పోటీలో వేగం ఎంత ముఖ్యమో, ఏ క్షణంలో ఏ స్థానంలో ఉన్నారన్నది అంతకంటే ముఖ్యం.

ఒకే విజేత, 25 సెకన్ల తేడా

2018 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఇథియోపియాకు చెందిన 18 ఏళ్ల సామ్యూల్ టెఫెరా 1500 మీటర్ల ప్రపంచ ఇండోర్ స్వర్ణం గెలిచాడు. టైమింగ్ 3 నిమిషాల 58.19 సెకన్లు. 2022 మార్చిలో బెల్‌గ్రేడ్‌లో అదే టెఫెరా అదే స్వర్ణాన్ని 3 నిమిషాల 32.77 సెకన్లలో గెలిచాడు. రెండోది ఛాంపియన్‌షిప్ రికార్డు. మొదటిది ప్రపంచ స్థాయి ఫైనల్ అంటే నమ్మడం కష్టం. ఒకే దూరం, ఒకే పతకం, ఒకే మనిషి. తేడా మాత్రం 25.42 సెకన్లు.

ల్యాపుల లెక్కలో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఇండోర్ ట్రాక్‌పై 1500 మీటర్లంటే ఏడున్నర ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ ఏడున్నర చుట్లు. బర్మింగ్‌హామ్ విజేత ఒక్కో ల్యాపుకు సగటున 31.76 సెకన్లు తీసుకుంటే, బెల్‌గ్రేడ్ విజేత 28.37 సెకన్లు తీసుకున్నాడు. 2018లో టెఫెరాకు వేగం లేదనడానికి వీల్లేదు. 2019 ఫిబ్రవరిలో అదే బర్మింగ్‌హామ్‌లో అతడు 3:31.04 పరుగెత్తి, 1997 నుంచి మొరాకో అథ్లెట్ హిషామ్ ఎల్ గెరూజ్ పేరిట ఉన్న 3:31.18 ఇండోర్ ప్రపంచ రికార్డును చెరిపేశాడు. ఏడాది తిరగకుండానే అతడు అంత వేగంగా పరుగెత్తగలిగాడంటే, 2018 ఫైనల్ మందకొడిగా సాగడానికి కారణం అతడి శక్తి తక్కువ కావడం కాదు, ఆ ఫైనల్ నడిచిన తీరు.

టీవీలో స్కోరుబోర్డు చూసి ఈ తరం పరుగువీరుల్లో పస లేదనుకునేవారికి, ప్రపంచ రికార్డుదారు పతకం చేజార్చుకుంటే అతడి పని అయిపోయిందని తీర్పు చెప్పేవారికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపవచ్చు. రికార్డు పోటీ, ఛాంపియన్‌షిప్ ఫైనల్ పేరుకే ఒకే దూరం. వాటిలో గెలవడానికి కావలసిన నైపుణ్యాలు వేరు.

సగమైంది ట్రాక్ పొడవు ఒక్కటే కాదు

ఆరుబయట స్టేడియంలో ట్రాక్ 400 మీటర్లు, ఇండోర్‌లో 200. ఈ తేడా అందరికీ తెలిసిందే. పోటీ స్వరూపాన్ని అంతకంటే ఎక్కువగా మార్చేది మలుపు వంపు. ఆరుబయట ట్రాక్‌పై మలుపు వ్యాసార్థం ప్రామాణికంగా 36.5 మీటర్లు. ఇండోర్ ట్రాక్‌పై అది సుమారు 17 మీటర్లు, అంటే సగం కంటే తక్కువ. 1500 మీటర్లను మూడున్నర నిమిషాల్లో పూర్తిచేసే అథ్లెట్ వేగం సెకనుకు 7 మీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. ఆ వేగంతో ఆరుబయట మలుపు తిరిగేటప్పుడు శరీరం లోపలి వైపు సుమారు 8 డిగ్రీలు ఒరగాలి. ఇండోర్ మలుపులో అదే వేగానికి 16 డిగ్రీల దాకా ఒరగాల్సి వస్తుంది. నేల చదునుగా ఉంటే ఆ ఒరుగుడు భారమంతా చీలమండల మీద, మరీ ముఖ్యంగా లోపలి వైపున ఉండే ఎడమ కాలి మీద పడుతుంది. అందుకే ఇండోర్ ట్రాక్ మలుపులను సాధారణంగా 10 డిగ్రీల దరిదాపులో బయటి వైపు ఎత్తుగా కడతారు.

ఈ ఎత్తు సమస్యను తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీర్చదు. 1500 మీటర్లలో అథ్లెట్లు 15 మలుపులు తిరగాలి. ప్రతి మలుపులోకి వెళ్లేటప్పుడు ట్రాక్ పైకి లేస్తుంది, బయటకు వచ్చేటప్పుడు దిగుతుంది. అడుగు పొడవు, లయ ప్రతిసారీ కొద్దిగా మారతాయి. ఏ ఒక్క మలుపులోనూ నష్టం కంటికి కనిపించదు. అవన్నీ కలిస్తే మాత్రం కనిపిస్తుంది. 1500 మీటర్లలో ఆరుబయట ప్రపంచ రికార్డు 1998లో రోమ్‌లో ఎల్ గెరూజ్ నెలకొల్పిన 3:26.00. అతడి ఇండోర్ ఉత్తమ టైమింగ్ దీనికంటే 5 సెకన్లకు పైగా ఎక్కువ.

ఈ తరంలో ఆ అంతరం తగ్గింది. నార్వేకు చెందిన యాకబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ 2024 జులైలో మొనాకోలో ఆరుబయట 3:26.73 పరుగెత్తాడు. 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో మైలు పరుగును 3:45.14లో ముగిస్తూ, దారిలో 1500 మీటర్ల గీతను 3:29.63కే దాటాడు. రెండూ ఇండోర్ ప్రపంచ రికార్డులే. ఆరుబయటికీ ఇండోర్‌కూ మధ్య అతడికి ఉన్న తేడా 3 సెకన్ల లోపే. కొత్త రకం స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు), మెరుగైన ట్రాక్ ఉపరితలాలు, ట్రాక్ అంచున వేగాన్ని సూచిస్తూ పరుగెత్తే దీపాల వరుస ఈ మార్పుకు తోడ్పడ్డాయని చెప్పవచ్చు. వీటిలో దేని వాటా ఎంత అన్నది విడదీసి చెప్పడం మాత్రం తేలిక కాదు.

ఒక మీటరు పక్కకు జరిగితే

ఇండోర్ పోటీ రహస్యమంతా చిన్న గుణకారంలో ఉంది. లోపలి అంచును పట్టుకుని పరుగెత్తేవారికంటే ఒక మీటరు వెలుపల పరుగెత్తేవారు ఒక పూర్తి ల్యాపులో అదనంగా 6.28 మీటర్లు పరుగెత్తాలి. ట్రాక్ 200 మీటర్లదైనా 400 మీటర్లదైనా ఈ అంకె మారదు, ఎందుకంటే అది వృత్త వ్యాసార్థం మీద కాక, పక్కకు జరిగిన దూరం మీదే ఆధారపడుతుంది. మారేది ల్యాపుల సంఖ్య. ఆరుబయట 1500 మీటర్లకు మూడు ముప్పావు ల్యాపులు కాబట్టి, పోటీ అంతా ఒక మీటరు వెలుపల సాగితే అదనపు దూరం 24 మీటర్ల లోపు. ఇండోర్‌లో ఏడున్నర ల్యాపులు. అదనపు దూరం 47 మీటర్లు దాటుతుంది. సెకనుకు 7 మీటర్ల వేగంతో లెక్క వేస్తే ఇది దాదాపు 6.7 సెకన్ల నష్టం. ఏ ఫైనల్లోనూ ఎవరూ 15 మలుపులూ వెలుపలే పరుగెత్తరు కానీ, మూడు నాలుగు మలుపులు అలా గడిచినా పతకం చేజారడానికి అది చాలు.

మలుపులో దాటడం ఖరీదు కాబట్టి సరళరేఖలో దాటాలి. అక్కడ ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ఆరుబయట సరళరేఖ పొడవు 84 మీటర్లు. ఇండోర్‌లో దాన్ని సుమారు 40 మీటర్లు అనుకుందాం. సెకనుకు 7 మీటర్ల వేగంతో పరుగెత్తే గుంపు దాన్ని 6 సెకన్ల లోపే దాటేస్తుంది. అంత సేపట్లో రెండు మీటర్లు ముందుకు వెళ్లి లోపలి అంచును అందుకోవాలంటే ముందున్నవారికంటే సెకనుకు 0.35 మీటర్ల అదనపు వేగం కావాలి. ఆరుబయట 12 సెకన్ల వ్యవధి దొరుకుతుంది కనుక అందులో సగం చాలు. ఇండోర్‌లో స్థానం మార్చుకోవడమంటే ప్రతిసారీ ఒక చిన్న స్ప్రింటు వేయడమే. పోటీ మధ్యలో అలాంటివి రెండు మూడు ఖర్చు చేసిన అథ్లెట్‌కు చివరి ల్యాపులో మిగిలేది తక్కువ.

ఇక్కడి నుంచి ఫైనల్ తర్కం దానంతట అదే బయటపడుతుంది. అందరికంటే ముందుంటే ఎవరినీ దాటనక్కర్లేదు, అతి తక్కువ దూరం పరుగెత్తవచ్చు. కానీ వేగం భారమంతా నాయకుడిపైనే పడుతుంది. ఇండోర్‌లో ఎదురుగాలి లేకపోయినా, కదిలే శరీరానికి గాలి అడ్డు తప్పదు. వెనక నక్కినవారికి ఆ అడ్డు తగ్గుతుంది, పైగా ముందున్నవారి ప్రతి కదలికా కళ్ల ముందే ఉంటుంది. వెనక ఉండి చివర్లో దాటుదామంటే దారి దొరకకపోవచ్చు. చాలామంది కోరుకునేది రెండో స్థానం, నాయకుడి కుడి భుజానికి కాస్త వెనకగా. అలాంటి చోటు ఒకటే ఉంటుంది, దాని కోసం తొమ్మిది పది మంది పోటీపడతారు.

ముందుకు రావడానికి ఎవరూ ఇష్టపడని పరుగు

రికార్డు కోసం ఏర్పాటుచేసే పోటీలో ఈ పేచీ ఉండదు. అక్కడ నిర్వాహకులు పేస్‌మేకర్లను పెడతారు. మొదటి సగం దూరం ఏ వేగంతో సాగాలో ముందే నిర్ణయిస్తారు. అందరూ ఒకే వరుసలో పరుగెత్తుతారు, తోపులాట ఉండదు, గడియారమే ప్రత్యర్థి. ఛాంపియన్‌షిప్‌లో పేస్‌మేకర్ ఉండడు. ఎవరు ఎంత వేగంగా గెలిచారన్న దానికి విలువ లేదు. 3:58కి గెలిచినా 3:32కి గెలిచినా స్వర్ణం స్వర్ణమే, విజేతకు దక్కే 40,000 డాలర్ల బహుమతిలో ఒక్క డాలరూ తగ్గదు.

దాంతో ప్రతి ఒక్కరూ మరొకరు ముందుకొస్తారని ఎదురుచూస్తారు. ఎవరూ రాకపోతే పోటీ నడకకు దగ్గరగా సాగుతుంది. బర్మింగ్‌హామ్‌లో జరిగింది అదే. తొలి ల్యాపుల్లో మిగిలిపోయిన శక్తి అందరి కాళ్లలోనూ నిల్వ ఉంటుంది కాబట్టి చివర్లో అందరూ ఒకేసారి విరుచుకుపడతారు. టెఫెరా, రజతం గెలిచిన పోలండ్ అథ్లెట్ మార్చిన్ లెవాండోవ్‌స్కీ, కాంస్యం అందుకున్న మొరాకో అథ్లెట్ అబ్దలాతి ఇగ్విదర్ ముగ్గురూ 0.24 సెకన్ల వ్యవధిలో గీత దాటారు. ఇగ్విదర్ 2012లో ఇస్తాంబుల్‌లో ఇదే పోటీ ఛాంపియన్. అనుభవం ఉన్నవారు కూడా ఆ గుంపు గుణకారాన్ని దాటలేకపోయారన్నమాట.

మందకొడి పోటీ అందరికీ ఒకేలా మేలు చేయదు. చివరి 200 మీటర్లలో ఒక్కసారిగా వేగం పెంచగలిగేవారికి అది వరం. మొదటి నుంచీ గట్టిగా లాగి ప్రత్యర్థులను అలసిపోయేలా చేసేవారికి శాపం. 2016 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది మార్చిలో పోర్ట్‌లండ్‌లో అమెరికాకు చెందిన మాథ్యూ సెంట్రోవిట్జ్ ఇండోర్ స్వర్ణాన్ని 3:44.22 టైమింగ్‌తో గెలిచాడు. ఆగస్టులో రియో ఒలింపిక్స్ ఫైనల్‌ను ముందుండి తన గుప్పిట్లో పెట్టుకుని, వేగం పెరగనీయకుండా నడిపించి, 3:50.00తో స్వర్ణం అందుకున్నాడు. 1932 తర్వాత ఒలింపిక్ 1500 మీటర్లలో అంత నెమ్మదైన విజయం లేదు. మార్చిలో చిన్న ట్రాక్‌పై అక్కరకొచ్చిన స్థాన నిర్వహణే ఆగస్టులో పెద్ద ట్రాక్‌పైనా పనికొచ్చింది.

బెల్‌గ్రేడ్, గ్లాస్గో, నాన్‌జింగ్

2022 నుంచి 2025 దాకా జరిగిన మూడు ఫైనళ్లు మూడు వేర్వేరు నమూనాలు.

2022 ఫిబ్రవరి 17న ఇంగెబ్రిగ్ట్‌సెన్ లియెవాన్‌లో 3:30.60 పరుగెత్తి టెఫెరా ప్రపంచ రికార్డును లాగేసుకున్నాడు. నెల రోజుల తర్వాత ఇద్దరూ బెల్‌గ్రేడ్ ఫైనల్లో తలపడ్డారు. చివర్లో విరుచుకుపడేవారికి అవకాశం ఇవ్వకూడదనుకున్న నార్వే అథ్లెట్ ముందుకొచ్చి వేగాన్ని పెంచాడు. టెఫెరా అతడి వెనకే అంటిపెట్టుకున్నాడు. చివరి సరళరేఖలో పక్కకు తప్పుకుని దాటేశాడు. 3:32.77, 3:33.02. తేడా పావు సెకను. కెన్యా అథ్లెట్ అబెల్ కిప్‌సాంగ్ 3:33.36తో మూడో స్థానంలో నిలిచాడు. ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కు ఆ పోటీ తర్వాత కోవిడ్ నిర్ధారణ అయిందన్నది గుర్తుంచుకోవాలి. ఓటమిని కేవలం వ్యూహం ఖాతాలో వేయడం సరికాదు. అయినా ఒక సంగతి మాత్రం రుజువైంది. ఛాంపియన్‌షిప్ రికార్డు నమోదయ్యే వేగంతో లాగినా, వెనక అంటిపెట్టుకున్న ఒక్కరిని వదిలించుకోలేకపోతే నాయకుడు పేస్‌మేకర్‌గా మిగిలిపోతాడు.

2024 మార్చిలో గ్లాస్గో ఫైనల్ ఇందుకు భిన్నం. న్యూజిలాండ్ అథ్లెట్ జోర్డీ బీమిష్ చివరి ల్యాపు మొదలయ్యే సరికి వెనక గుంపులో ఉన్నాడు. ఇంతవరకు చెప్పిన లెక్క ప్రకారం అతడికి పతకం దక్కకూడదు. ముందున్నవారు ఒకరితో ఒకరు పోటీపడి అలసిపోతుండగా అతడు వెలుపలి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, చివరి అడుగుల్లో అమెరికన్లు కోల్ హాకర్‌ను, హాబ్స్ కెస్లర్‌ను వెనక్కి నెట్టాడు. టైమింగులు 3:36.54, 3:36.69, 3:36.72. మూడు పతకాల మధ్య తేడా 0.18 సెకన్లు, అంటే నేల మీద కొలిస్తే సుమారు మీటరున్నర. లెక్క తప్పని కాదు. వేగం మధ్యస్థంగా సాగి, చివరి మలుపుకు ముందు గుంపు చీలి, వెలుపలి దారి ఖాళీ అయినప్పుడు వెనక నుంచి వచ్చేవారికీ అవకాశం ఉంటుంది. దాని మీద ఆధారపడి పథకం వేసుకునేవారు మాత్రం అరుదు.

2025 మార్చిలో నాన్‌జింగ్ వంతు వచ్చింది. ఈ చైనా నగరం 2020లోనే ఆతిథ్యం ఇవ్వాల్సింది. కోవిడ్ వల్ల వాయిదాల మీద వాయిదాలు పడి అయిదేళ్లు ఆలస్యమైంది. ఇంగెబ్రిగ్ట్‌సెన్ అక్కడ 3000 మీటర్లనూ 1500 మీటర్లనూ గెలిచాడు. ఒకే ఛాంపియన్‌షిప్‌లో ఈ రెండు స్వర్ణాలూ అంతకు ముందు గెలిచినవాడు 1999లో జపాన్‌లోని మయెబాషిలో ఇథియోపియా దిగ్గజం హైలె గెబ్రెసెలాసీ. నాన్‌జింగ్‌లో గమనించాల్సింది టైమింగులు. 3000 మీటర్లలో 7:46.09, రజతం గెలిచిన ఇథియోపియా అథ్లెట్ బెరిహు అరెగావీతో తేడా 0.16 సెకన్లు. 1500 మీటర్లలో 3:38.79, బ్రిటన్‌కు చెందిన నీల్ గోర్లీ 3:39.07. నెల కిందటే 3:29.63 పరుగెత్తిన మనిషి దానికంటే 9 సెకన్లు నెమ్మదిగా గెలిచాడు. మొదటి నుంచీ లాగి అందరినీ అలసిపోయేలా చేయాలన్న పట్టు అతడు ఈసారి పట్టలేదు. చివరి ల్యాపుల్లో ముందుకొచ్చి, తనను దాటాలంటే వెలుపలి దారి తప్ప గత్యంతరం లేని స్థితిని ప్రత్యర్థులకు మిగిల్చాడు. బెల్‌గ్రేడ్‌లో ఓడిన వేగం కంటే నాన్‌జింగ్‌లో గెలిచిన వేగం 5 సెకన్లకు పైగా తక్కువ. ఇండోర్ పోటీ గురించి ఇంతకంటే సూటిగా చెప్పే అంకె మరొకటి దొరకదు.

గీత మీద పడే అడుగు

చిన్న ట్రాక్‌పై గుంపుగా పరుగెత్తితే కాళ్లు తగులుతాయి, మోచేతులు తగులుతాయి, ఎవరో ఒకరు లోపలి గీత దాటుతారు. ఫలితాలు గీత దగ్గర కాక న్యాయనిర్ణేతల గదిలో తేలడం ఇండోర్ అథ్లెటిక్స్‌లో కొత్త కాదు. 2018 బర్మింగ్‌హామ్‌లో పురుషుల 400 మీటర్ల ఒక హీట్‌లో (తొలి రౌండు పరుగులో) పాల్గొన్న అయిదుగురూ అనర్హులయ్యారు. అదే ఛాంపియన్‌షిప్‌లో 800 మీటర్ల రజతం గెలిచిన అమెరికా అథ్లెట్ డ్రూ విండిల్‌పై మొదట అనర్హత వేటు పడి, అప్పీలు తర్వాత రద్దయింది. 2021లో పోలండ్‌లోని టొరున్‌లో జరిగిన యూరోపియన్ ఇండోర్ ఛాంపియన్‌షిప్‌లో 1500 మీటర్లు గెలిచిన ఇంగెబ్రిగ్ట్‌సెన్‌కూ ఇదే అనుభవం. ట్రాక్ లోపల అడుగు పడిందని స్వర్ణం పోయి, నార్వే అప్పీలుతో తిరిగొచ్చింది.

భారత అభిమానులకు ఈ నిబంధన 2024 ఫిబ్రవరిలో గట్టిగా తగిలింది. టెహ్రాన్‌లో జరిగిన ఆసియా ఇండోర్ ఛాంపియన్‌షిప్‌లో 3000 మీటర్లలో మొదట గీత దాటిన గుల్వీర్ సింగ్‌ను లేన్ ఉల్లంఘన కారణంగా అనర్హుడిగా ప్రకటించారు. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజీ 60 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణం గెలిచిన పోటీలు అవే. గుల్వీర్ ఏడాది తర్వాత బోస్టన్ ఇండోర్ ట్రాక్‌పై 5000 మీటర్లను 12:59.77లో పూర్తిచేసి, 13 నిమిషాల లోపు పరుగెత్తిన తొలి భారతీయుడయ్యాడు. బోస్టన్‌లోనూ టెహ్రాన్‌లోనూ ట్రాక్ చుట్టుకొలత ఒకటే. బోస్టన్‌లో కావలసింది వేగం, టెహ్రాన్‌లో కావలసింది దాంతో పాటు గుంపులో మెలగడం.

800 మీటర్లది వేరే దారి

1500 మీటర్లలో విజేతల టైమింగ్ ఇంతలా ఊగిసలాడుతుంటే 800 మీటర్లలో అలా జరగదు. 2018 నుంచి 2025 దాకా జరిగిన నాలుగు ఛాంపియన్‌షిప్‌లలో 800 విజేతల టైమింగులు 1:47.47, 1:46.20, 1:44.92, 1:44.77. అత్యంత నెమ్మదైనదానికీ వేగవంతమైనదానికీ తేడా 2.70 సెకన్లే. అవే నాలుగు సందర్భాల్లో 1500 మీటర్ల తేడా 25 సెకన్లు దాటింది.

దీనికి కారణం దూరం తక్కువ కావడం ఒక్కటే కాదు. 800 మీటర్ల పరుగు మొదలయ్యేది ఎవరి లేన్‌లో వారు ఉండగా. తొలి మలుపు దగ్గర గుంపు ఏర్పడదు. లోపలికి వచ్చే సమయానికే అందరూ మంచి వేగంలో ఉంటారు. మొత్తం నాలుగు ల్యాపులే కాబట్టి మొదటి ల్యాపు చివర్లో ఉన్న స్థానం చాలావరకు ఖరారైనట్లే. ఎదురుచూసే వ్యవధి లేదు. ముందుండి పరుగెత్తేవారికి 1500 కంటే ఇక్కడే ఎక్కువ లాభం.

డెన్మార్క్ తరఫున పరుగెత్తిన విల్సన్ కిప్కెటర్ దీన్ని 1997లో పారిస్‌లో పరాకాష్ఠకు తీసుకెళ్లాడు. హీట్‌లోనే 1:43.96తో ప్రపంచ రికార్డు, ఫైనల్లో 1:42.67తో మరో రికార్డు. ఛాంపియన్‌షిప్‌లో పేస్‌మేకర్ లేకుండా నెలకొల్పిన ఆ అంకె పాతికేళ్లకు పైగా చెక్కుచెదరలేదు. అదే కిప్కెటర్ రెండేళ్ల తర్వాత మయెబాషిలో దక్షిణాఫ్రికాకు చెందిన యొహాన్ బోథా చేతిలో 0.02 సెకన్ల తేడాతో ఓడిపోయాడు. విజేత టైమింగ్ 1:45.47. కిప్కెటర్ స్థాయికి అది మామూలు వేగం. ఎంతటివాడైనా వేగాన్ని ప్రత్యర్థులకు అందుబాటులో ఉంచితే ఫలితం రెండు చేతుల దూరంలోకి వచ్చేస్తుంది.

ఎవరు వస్తారు, ఎవరు రారు

1987లో ఇండియానాపొలిస్‌లో తొలి ఛాంపియన్‌షిప్ జరిగింది మొదలు 2025 నాన్‌జింగ్ దాకా 20 పోటీల్లో 12 దేశాల అథ్లెట్లు పురుషుల 1500 స్వర్ణం గెలిచారు. ఐర్లండ్, అల్జీరియా, మొరాకో, ఇథియోపియా, పోర్చుగల్, ఫ్రాన్స్, కెన్యా, ఉక్రెయిన్, జిబౌటీ, అమెరికా, న్యూజిలాండ్, నార్వే. ఈ జాబితాలో ఆశ్చర్యపరిచేది కెన్యా. ప్రపంచ మధ్యదూర పరుగును దశాబ్దాలుగా ఏలుతున్న దేశానికి ఈ పోటీలో దక్కిన స్వర్ణం ఒక్కటే, 2004లో బుడాపెస్ట్‌లో పాల్ కోరిర్ గెలిచింది.

కెన్యాలో చలికాలం ఇంటి పైకప్పు కింద పరుగెత్తాల్సిన అవసరం లేదు. ఇండోర్ పోటీల సంప్రదాయం ఉత్తర అమెరికా, యూరప్‌లలో మంచు కాలం నుంచి పుట్టింది. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మైలుకు 11 ల్యాపులు తిరగాల్సిన చెక్క ట్రాక్‌పై తరాల తరబడి మైలు పరుగులు సాగాయి. తొలి ఛాంపియన్, 1987, 1989, 1993లలో మూడుసార్లు స్వర్ణం గెలిచిన ఐర్లండ్ అథ్లెట్ మార్కస్ ఓసల్లివన్ అమెరికాలోని విల్లనోవా విశ్వవిద్యాలయంలో, ఆ వాతావరణంలోనే రాటుదేలినవాడు. చిన్న మలుపుల మీద గుంపులో ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు దూరాలి అన్నది ఏటా ఫిబ్రవరిలో పరుగెత్తితే వచ్చే విద్య. వేగం ఉండి ఆ అలవాటు లేనివారు ఒక్క హీట్‌లో దాన్ని నేర్చుకోలేరు.

భారత్‌లోనూ ఇన్నాళ్లూ లోటు అదే. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో 200 మీటర్ల ఇండోర్ ట్రాక్ వచ్చాక పరిస్థితి మారే అవకాశం ఉంది. తెలుగు రాష్ట్రాల అథ్లెట్లకు విదేశాలకు వెళ్లకుండా వాలు మలుపులపై సాధన చేయడానికి అదే దగ్గరి చోటు. ఆ ట్రాక్‌పై ఏటా ఎన్ని పోటీలు జరుగుతాయన్నదే అసలు ప్రశ్న. ఒంటరి సాధన గుంపులో మెలగడం నేర్పదు.

కెన్యాకు కోరిర్ స్వర్ణం ఒక్కటే ఎందుకన్న దానికి మరో కారణం క్యాలెండర్. ఛాంపియన్‌షిప్ మార్చిలో జరుగుతుంది. అసలు పతకాలు ఆగస్టు, సెప్టెంబరులలో ఒలింపిక్స్‌లోనో ఆరుబయట ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనో ఉంటాయి. చాలామంది అగ్రశ్రేణి అథ్లెట్లు చలికాలాన్ని శక్తి నింపుకునే శిక్షణకే కేటాయిస్తారు. అందువల్ల ఇండోర్ ఫైనల్లో ఆ ఏటి మొదటి పదిమందీ కనిపించడం అరుదు.

మార్చి స్వర్ణం సెప్టెంబరుకు ఏం చెబుతుంది

నేరుగా ఏమీ చెప్పదు. సెంట్రోవిట్జ్ 2016లో రెండూ గెలిచాడు. 2024లో గ్లాస్గోలో రజతంతో సరిపెట్టుకున్న హాకర్ అయిదు నెలల తర్వాత పారిస్‌లో 3:27.65తో ఒలింపిక్ ఛాంపియన్ అయ్యాడు. నాన్‌జింగ్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన ఇంగెబ్రిగ్ట్‌సెన్ మాత్రం గాయంతో వేసవంతా దూరమై, 2025 సెప్టెంబరులో టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1500 మీటర్లలో హీట్స్‌లోనే వెనుదిరిగాడు. టైమింగులను బట్టి అంచనా వేసేవారు ముగ్గురి విషయంలోనూ దారి తప్పేవారే.

ఇండోర్‌లో కనిపించే మెళకువలు ఆరుబయటా అక్కరకొస్తాయనడానికి టోక్యోలోనే రెండు సాక్ష్యాలు దొరికాయి. 1500 మీటర్ల సెమీఫైనల్లో గుంపులో చిక్కుకుని దారి చేసుకోబోయిన హాకర్ తోపులాట కారణంగా అనర్హుడయ్యాడు. కొద్ది రోజులకే 5000 మీటర్ల స్వర్ణం గెలిచాడు. గ్లాస్గోలో వెనక నుంచి వచ్చి గెలిచిన బీమిష్ అక్కడ 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు, నీటి గుంట దాటుతూ సాగే పరుగు) ఫైనల్లో ఒలింపిక్ విజేత సౌఫియాన్ ఎల్ బక్కాలీని చివరి అడుగుల్లో దాటి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. టైమింగ్ 8:33.88, ఆ స్థాయికి నెమ్మదైనదే.